టెలిఫోన్ ఫ్యాక్టరీ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించిందట! బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఫుట్‌బాల్ క్లబ్ సంగతులు తెలిసినవారు చెప్పగలరా?

కొత్త అద్దెదారు:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు. నాలుగేళ్లుగా ఉద్యోగరీత్యా బెంగళూరులో, కృష్ణరాజపురానికి దగ్గరలో ఉంటున్నాను. ఈ ఊరి ఫుట్‌బాల్ అంటే నాకు తెలిసింది కంఠీరవ స్టేడియానికి వెళ్లి బెంగళూరు ఎఫ్‌సీ ఆట చూడటం ఒక్కటే. మొన్న మా ఇంటి యజమానితో మాట్లాడుతూ, బెంగళూరుకు జాతీయ స్థాయిలో మొదటి కప్పు తెచ్చింది 2013లో పుట్టిన ఆ క్లబ్బేనని ధీమాగా అన్నాను. ఆయన హోసూరు దగ్గరి తెలుగువారు, ఫ్యాక్టరీలో పనిచేసి విరమించిన పెద్దమనిషి. కోప్పడలేదు కానీ, "మీరు ఐటీ కోసం వచ్చారు నాయనా, మేము ఐటీఐ కోసం వచ్చాము" అని నవ్వి, 1977లో మొట్టమొదటి ఫెడరేషన్ కప్పును ఐటీఐ జట్టే గెలిచిందని, ఫైనల్లో ఓడింది కలకత్తా పెద్ద క్లబ్ మోహన్ బగాన్ అని చెప్పారు. నేను రోజూ మెట్రోలో ఆ ప్రాంతం మీదుగానే ఆఫీసుకు వెళ్తాను. ఒక టెలిఫోన్ ఫ్యాక్టరీ జట్టు అంత పని ఎలా చేసింది? చేసిన జట్టు పేరు నా వయసువారికి ఎందుకు తెలియదు? వివరంగా రాయగలిగినవారు ఉంటే రుణపడి ఉంటాను.

ఎడమ వింగు:
మీ ఇంటి యజమానిగారు చెప్పింది నిజమే. ఎర్నాకుళంలో జరిగిన ఆ ఫైనల్లో ఐటీఐ 1-0తో గెలిచింది. అయితే ఒక్క కప్పును పట్టుకుని దానిని గొప్ప క్లబ్ అనడం సరికాదని నా అభిప్రాయం. మిగతాది పెద్దలు చెబుతారు.

దూరవాణినగర్ క్వార్టర్స్:
పెద్దల కోటాలో నేనే రాస్తాను. మా నాన్నగారు పలమనేరు నుంచి వచ్చి ఐటీఐలో చేరారు; నేను ఆ టౌన్‌షిప్‌లోనే పుట్టి పెరిగాను. మా వీధిలో ఒక ఇంట్లో తమిళం, పక్కింట్లో మలయాళం, ఎదురింట్లో కన్నడం, మా ఇంట్లో చిత్తూరు తెలుగు వినిపించేవి. పిల్లలమంతా కలిస్తే ఈ నాలుగూ కలిసిన భాష ఒకటి పుట్టుకొచ్చేది. మైదానంలో అరుపులన్నీ ఆ భాషలోనే సాగేవి.

ముందుగా సంస్థ సంగతి చెప్పకపోతే క్లబ్ సంగతి అర్థం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, దేశానికి కావలసిన టెలిఫోన్లను, ఎక్స్ఛేంజీ పరికరాలను ఇక్కడే తయారు చేసుకోవాలని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌ను స్థాపించారు. తంతి తపాలా శాఖకు ఏది కావాలన్నా ఇక్కడి నుంచే వెళ్లవలసి ఉండేది కాబట్టి, దశాబ్దాల పాటు సరుకు అమ్ముడుపోతుందా అన్న బెంగ ఈ ఫ్యాక్టరీకి లేదు. దేశంలో జనం టెలిఫోన్ కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రోజుల్లో, ఆ ఎదురుచూపుకు ఇవతలి ఒడ్డున మేము ఉండేవాళ్లం. క్వార్టర్స్, ఆసుపత్రి, బడి, క్యాంటీన్, మైదానం అన్నీ ఆ నిశ్చింతలోంచి వచ్చినవే, ఫుట్‌బాల్ జట్టు కూడా అందులోంచే వచ్చింది. ఒక తమాషా ఏమిటంటే, టెలిఫోన్లు తయారు చేసేవారి కాలనీలో ఇంట్లో టెలిఫోన్ ఉన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జట్టు నడిచే పద్ధతి ఇప్పటివారికి వింతగా అనిపిస్తుంది. ఆటగాడికి ఆట కోసమని విడిగా జీతం ఉండదు. బాగా ఆడే కుర్రవాడిని స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగంలోకి తీసుకునేవారు. పొద్దున ఫ్యాక్టరీ, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు. టోర్నమెంటుకు ఊరు దాటి వెళ్తే ఆ రోజులన్నీ డ్యూటీ కిందే లెక్క. కాలు విరిగితే ఆసుపత్రి ఉంది, ఆట మానేసినా ఉద్యోగం పోదు, అరవై దగ్గర పడితే విరమణ సొమ్ము చేతికి వస్తుంది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఒక సీజనుకు ఇచ్చే డబ్బు దీనికంటే ఎక్కువే కావచ్చు గానీ, ఆ డబ్బు మోకాలు బాగున్నంత కాలమే వస్తుంది. గుడిసెలోంచి వచ్చిన కుర్రవాడికి, పెళ్లీడు చెల్లెళ్లున్న కుర్రవాడికి ఏది మేలో చెప్పనక్కరలేదు. బెంగళూరులో ఈ పద్ధతి మా ఒక్కరిది కాదు. విమానాలు తయారు చేసే హెచ్‌ఏఎల్‌తో పాటు రక్షణ శాఖ సంస్థలు, సైనిక కేంద్రాలు అన్నింటికీ జట్లు ఉండేవి. అందువల్ల మామూలు సిటీ లీగ్ మ్యాచ్ కూడా రెండు కార్మిక కాలనీల మధ్య పంతంగా మారేది.

ఇక 1977 సంగతి. దేశంలో డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ వంటి పాత కప్పులు ఉన్నప్పటికీ, జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తానే నడిపే క్లబ్ పోటీ అంతవరకూ లేదు. ఆ లోటు తీర్చడానికి పెట్టినదే ఫెడరేషన్ కప్పు. మోహన్ బగాన్ ఆ ఏడాది ఎంత బలంగా ఉండేదంటే, ఐఎఫ్ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడింటినీ అదే గెలుచుకుంది. సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2గా నిలబడింది. శిక్షకుడు పీకే బెనర్జీ. పీలే జట్టు కూడా ఓడించలేకపోయిన ఆ బగాన్‌ను అదే ఏడాది ఓడించినవారు మా రిలే (ఎక్స్ఛేంజీలో వాడే చిన్న విద్యుత్ స్విచ్) బెంచీల నుంచి, స్టోర్స్ నుంచి బయలుదేరిన ఉద్యోగులు. గెలిచిన వార్త మాకు మరునాటి పేపరులో తెలిసింది. నాన్నగారు దానిని చదివి మడిచి, చాలా కాలం బీరువాలో చీరల కింద దాచారు. అమ్మ రెండుసార్లు పారేయబోతే తిరిగి తెచ్చి పెట్టారు.

ఉల్సూరు గట్టు:
క్వార్టర్స్ గారూ, మీరు రాసింది చదువుతుంటే ఫ్యాక్టరీ సైరన్ వినిపించినట్లే ఉంది. అయితే ఇల్లుగలాయన మాటకు చిన్న సవరణ. ఊరికి మొదటి జాతీయ కప్పు తెచ్చింది బెంగళూరు ఎఫ్‌సీ కాదన్నది ఎంత నిజమో, ఐటీఐ కూడా కాదన్నది అంతే నిజం. ఆ గౌరవం బెంగళూరు ముస్లిమ్స్ అనే క్లబ్‌ది.

రోవర్స్ కప్పు బొంబాయిలో 1891లో మొదలైంది. నలభై ఏళ్లకు పైగా దానిని తెల్ల సైనికుల జట్లే పంచుకున్నాయి. 1937లో ఆ వరుసను తెంచి కప్పు గెలిచిన మొదటి భారతీయ పౌర జట్టు బెంగళూరు ముస్లిమ్స్. ఫైనల్లో వారు ఓడించింది కలకత్తాను ఊపేస్తున్న మొహమ్మడన్ స్పోర్టింగ్‌ను. మరుసటి ఏడాది మళ్లీ గెలిచారు, 1948లో మోహన్ బగాన్‌ను ఓడించి మూడోసారి గెలిచారు. అంటే ఐటీఐ స్థాపించిన ఏడాది ముగిసేసరికే ఈ ఊళ్లో మూడు రోవర్స్ కప్పులు ఉన్నాయి. ఈ ఆట ఇక్కడ ఇంతగా పాతుకుపోవడానికి కారణం కంటోన్మెంటు. సైనికులు ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసిన పిల్లలు, బూట్లు లేకుండానే అదే ఆటను ఉల్సూరు, ఆస్టిన్ టౌన్, శివాజీనగర్ సందుల్లోకి తీసుకుపోయారు. మా పక్కనున్న గౌతమపురంలో పీలే విగ్రహం ఉంది. రాజకీయ నాయకుల విగ్రహాలకు కొదవలేని దేశంలో ఒక పేటవారు బ్రెజిల్ ఆటగాడికి విగ్రహం పెట్టుకున్నారంటే వారి పిచ్చి ఎంతటిదో ఊహించుకోండి.

బెంగళూరు ముస్లిమ్స్ ఎందుకు నిలవలేదంటే, దానికి జవాబు ఒక మనిషి జీవితంలోనే ఉంది. అహ్మద్ ఖాన్ ఆ క్లబ్బులో ఆడి, 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లి, 1949లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు తరలిపోయారు. అక్కడ వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, సాలేలతో కలిసి ఆ అయిదుగురినీ పంచపాండవులని పిలిచేవారు; వరుసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డు గెలిచారు. మన ఊరు కుర్రవాళ్లను పెంచింది, కలకత్తా వాళ్లను ఏరుకుంది. క్లబ్ దగ్గర వారిని ఆపడానికి ఇవ్వగలిగిందేమీ లేదు. ఐటీఐ, హెచ్‌ఏఎల్ వచ్చాక మాత్రమే, అంటే ఆటగాడి చేతిలో ఉద్యోగ ఉత్తర్వు పెట్టగల క్లబ్బులు వచ్చాకనే, సగం మందైనా ఇక్కడ నిలిచారు. 1967, 1968లలో మైసూరు (ఇప్పటి కర్ణాటక) జట్టు వరుసగా రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలవడం వెనుక ఈ ఫ్యాక్టరీ జట్ల పోటీయే ఉందని నా నమ్మకం. ఆ తరువాత ఈ రాష్ట్రం మళ్లీ ఆ కప్పు ఎత్తడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. అదీ రియాద్‌లో!

మసాబ్ ట్యాంక్:
ఇక్కడ హైదరాబాదు పేరు ఎత్తకపోతే నాకు అన్నం సహించదు. ఉల్సూరు అన్నా, మీ బెంగళూరు ముస్లిమ్స్ వదిలిన రోవర్స్ కప్పును రెండేళ్ల తరువాత పట్టుకున్నది మా హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లు వరుసగా గెలిచింది. శిక్షకుడు రహీం సాబ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్లను తీర్చిదిద్దింది కూడా ఆయనే. అదీ ఉద్యోగపు క్లబ్బే. ఖాకీ చొక్కాయే దాని కాంట్రాక్టు.

ఎడమ వింగు:
నేను చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. ఉద్యోగం ఇచ్చి ఆడించే పద్ధతిని మీరంతా బంగారు యుగంలాగా వర్ణిస్తున్నారు. నేను చూసింది వేరు. హెచ్‌ఏఎల్ 2010లో రెండో డివిజన్ నుంచి అప్పటి జాతీయ క్లబ్ లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి వచ్చినప్పుడు నేను కళాశాల విద్యార్థిని, ఆటలకు వెళ్లేవాడిని. ఆడేవారిలో కష్టపడే గుణానికి లోటు లేదు; కానీ స్టాండ్లలో నాలాంటివాళ్లు కొద్దిమంది, ఆటగాళ్ల బంధువులు, పల్లీలమ్మే ఒకాయన తప్ప జనం ఉండేవారు కారు. ఎవరూ రమ్మని పిలవలేదు, ఎందుకంటే జనం వచ్చినా రాకపోయినా క్లబ్ బడ్జెట్టులో రూపాయి తేడా రాదు. 2011-12 సీజనులో అట్టడుగున నిలిచి కిందికి జారిపోయినప్పుడు నగరంలో ఎవరికీ తెలియనైనా తెలియలేదు.

ఆ మరుసటి ఏడాది బెంగళూరు ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజనులోనే ఐ-లీగ్ గెలిచింది, 2016లో మళ్లీ గెలిచింది, అదే ఏడాది ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయ క్లబ్ అయింది. అశోక్‌నగర్ స్టేడియంలో తొలి సీజనునాడు నిలబడి పాడిన జనాన్ని చూశాక, ఈ ఊళ్లో ఫుట్‌బాల్ ప్రేమ చచ్చిపోలేదని, దాని తలుపు ఇంతకాలం ఎవరూ తట్టలేదని నాకు అర్థమైంది.

ఉల్సూరు గట్టు:
తమ్ముడూ, తలుపు తట్టినవారిని నేను తప్పుపట్టను. అయితే వారు మెట్లెక్కి వచ్చి తట్టారా, లిఫ్టులో దిగారా అన్నది కూడా చూడాలి. హెచ్‌ఏఎల్ రెండో డివిజన్‌లో ఆడి గెలిచి పైకి వచ్చింది, ఓడి కిందికి పోయింది. కొత్త క్లబ్‌కు సమాఖ్య బిడ్డింగ్ పద్ధతిలో నేరుగా పై అంతస్తులో చోటిచ్చింది. చిన్న క్లబ్‌కు ఉన్న ఏకైక ఆస్తి ఆ నిచ్చెనే. దానిని పక్కన పెట్టాక చిన్న క్లబ్ దేనికోసం ఆడాలి?

దూరవాణినగర్ క్వార్టర్స్:
ఇద్దరి మాటలోనూ పస ఉంది గానీ, ఐటీఐ విషయంలో దెబ్బ అంతకు ఎంతో ముందే తగిలింది, మైదానానికి బయట తగిలింది.

1980 డిసెంబరు చివర మొదలై 77 రోజులు సాగిన ప్రభుత్వ రంగ సమ్మె మా కాలనీలో ఎవరూ మరిచిపోరు. ఐటీఐ, హెచ్‌ఏఎల్, బీఈఎల్, బీఈఎంఎల్, హెచ్‌ఎంటీ అన్నీ మూతపడ్డాయి. ఒకే లీగ్‌లో కొట్టుకునే కాలనీలు ఒకే ఊరేగింపులో నడవడం అప్పుడే చూశాను. ఫ్యాక్టరీ శాశ్వతమన్న నమ్మకానికి మొదటి బీట అక్కడ పడింది. 1984లో టెలిఫోన్ యంత్రాల తయారీని ప్రైవేటువారికి తెరిచారు. 1991 తరువాత ఎక్స్ఛేంజీ పరికరాలకూ తలుపులు తెరుచుకున్నాయి. కాల్స్ కలిపే పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీ యంత్రంలో వందల రిలేలు ఉంటాయి, ఒక్కొక్కదాన్నీ చేత్తో సరిచేయాలి, అందుకు వేల చేతులు కావాలి. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీకి అన్ని చేతులు అక్కరలేదు. కొత్త నియామకాలు తగ్గాయి, తరువాత ఆగాయి.

నియామకాలు ఆగితే ఫుట్‌బాల్ జట్టుకు ఏమవుతుందో ఎవరూ అంతగా ఆలోచించరు. జట్టు ఆ రోజే చావదు. ఈ ఏడాది ఆడినవారే వచ్చే ఏడాదీ ఆడతారు, ఆ పై ఏడాదీ ఆడతారు. ఉద్యోగిని ఆట బాగా లేదని తీసేయలేరు, బయటి కుర్రవాడిని ఉద్యోగం లేకుండా చేర్చుకోలేరు. ఎనిమిదేళ్లు గడిచేసరికి ఇరవై రెండేళ్ల వింగర్‌కు ముప్పై ఏళ్లు వస్తాయి, అతని వెనుక ఎవరూ ఉండరు. మా జట్టు మెల్లగా, మర్యాదగా, పదవీ విరమణ పొందినట్లుగా కనుమరుగయింది. పీఎఫ్ లెక్క తేల్చినట్లే జట్టు లెక్కా తేలిపోయింది.

మసాబ్ ట్యాంక్:
ఈ ఒక్క పేరా కోసమైనా ఈ చర్చను దాచుకుంటాను.

పెరంబూరు ప్యాసింజర్:
చెన్నై నుంచి రాస్తున్నాను. ఇక్కడా ఇదే కథ, కాస్త తేడాతో. ఇండియన్ బ్యాంకు జట్టు జాతీయ లీగ్‌లో కొన్నేళ్లు గౌరవంగా ఆడి 2004లో కిందికి జారింది. భారత జట్టు కెప్టెన్‌గా చేసిన వీపీ సత్యన్ కూడా ఆ బ్యాంకు మనిషే.

అయితే క్వార్టర్స్ గారు చెప్పిన దానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి మా దగ్గర ఉంది. ఉద్యోగం మీద ఆధారపడని, పూర్తిగా వృత్తి పద్ధతిలో నడిచిన చెన్నై సిటీ ఎఫ్‌సీని చూడండి. పేరులో చెన్నై ఉన్నా ఆడింది కోయంబత్తూరులో. 2018-19 ఐ-లీగ్ చివరి రోజు మినర్వా పంజాబ్ జట్టు మీద మొదట గోల్ ఇచ్చుకుని కూడా 3-1తో గెలిచి, 43 పాయింట్లతో ఛాంపియన్ అయింది; ఈస్ట్ బెంగాల్‌కు 42. స్పెయిన్ నుంచి వచ్చిన పెడ్రో మాంజీ ఆ సీజనులో 21 గోల్స్ చేశాడు. స్విట్జర్లాండ్‌లోని ఎఫ్‌సీ బాసెల్ వంటి క్లబ్ వచ్చి వాటా కొనుక్కుంది. ఇంత జరిగినా 2020-21 సీజను తరువాత ఆ లీగ్‌లో చెన్నై సిటీ పేరు లేదు. ఐటీఐ దాదాపు ఒక తరం సమయం తీసుకుని ముసలిదై పోయింది. ఇది కప్పు గెలిచిన రెండేళ్లకే పోయింది. కాబట్టి ఉద్యోగపు క్లబ్ చచ్చిపోవడం ఆ పద్ధతి తప్పేనని ఎలా అనగలం?

మసాబ్ ట్యాంక్:
మాకూ అదే అనుభవం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సిటీ పోలీస్ జట్టును ఢిల్లీకి తరలించడం ఎవరి తరం?

ఎడమ వింగు:
నా వాదన కొంత మార్చుకుంటున్నాను. అయినా ఒక సంగతి మరవకండి. 2013లో ఎయిర్ ఇండియా, ఓఎన్‌జీసీ జట్లను ఐ-లీగ్ నుంచి తప్పించారు, ఆటలో ఓడినందుకు కాదు, క్లబ్ లైసెన్సు నిబంధనలకు సరిపోనందుకు. క్లబ్ అంటే ఒక ప్రత్యేక సంస్థగా ఉండాలి, దాని లెక్కలు విడిగా ఉండాలి, పిల్లల జట్లు నడపాలి. ఒక శాఖలోని క్రీడా విభాగం దీనికి సరిపోదు. హెచ్‌ఏఎల్ 2012లో జారకుండా నిలిచి ఉన్నా, మరుసటి ఏడాది అదే గేటు దగ్గర ఆగిపోయేది. అప్పటికే పంజాబులో జాతీయ లీగ్ మొదటి విజేత జేసీటీని 2011లో మూసేశారు, ముంబైలో మహీంద్రా యునైటెడ్‌ను 2010లోనే మూసేశారు. అంటే గాలి అన్ని దిక్కుల నుంచీ మారింది.

ఉల్సూరు గట్టు:
ఒప్పుకుంటాను. అందుకు ప్రతిగా నేనూ ఒక మంచి మాట చెబుతాను: నిచ్చెన పూర్తిగా విరగలేదు. స్పోర్టింగ్ క్లబ్ బెంగళూరు 2023-24లో ఐ-లీగ్ రెండో అంచెను గెలిచి, మెట్టు మెట్టుగానే పైకి వెళ్లింది. ఒక్క సీజనులో తిరిగి కిందికి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. సరైన పద్ధతిలో ఎక్కి, సరైన పద్ధతిలో దిగారు.

కొత్త అద్దెదారు:
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఈ చర్చ మొత్తాన్ని మా ఇంటి యజమానిగారికి చదివి వినిపించాను. బెంగళూరు ముస్లిమ్స్ విషయంలో సవరణను వెంటనే ఒప్పుకున్నారు. అహ్మద్ ఖాన్ పేరు వినగానే చెయ్యెత్తి నమస్కరించారు. నియామకాలు ఆగిన పేరా దగ్గర రెండోసారి చదవమన్నారు. అంతా విని ఒక ఫిర్యాదు మాత్రం చేశారు: "ఆటగాళ్లు మధ్యాహ్నం ప్రాక్టీసుకు వెళ్లేవారని రాశారు బాగానే ఉంది, వాళ్ల బెంచీ మీద మిగిలిన పని ఎవరు చేశారో ఒక్కరూ రాయలేదేం?"

దూరవాణినగర్ క్వార్టర్స్:
ఆయనకు నా నమస్కారాలు చెప్పండి, తప్పు నాదే. మా నాన్నగారిది రిలేలు సరిచేసే బెంచీ. పక్క బెంచీ జట్టులోని ఒక హాఫ్‌బ్యాక్‌ది. ఆయన వెళ్లాక ఆ ట్రేలో మిగిలిన రిలేలను నాన్నగారు, ఇంకో ఇద్దరు పంచుకునేవారు. సణుగుడు లేకుండా ఏమీ కాదు. లీగ్‌లో ఓడిన మరునాడు ఆ ట్రేను ఆయన ముందుకే తోసేసి, "నీ రిలేలు నువ్వే చూసుకో" అనేవారట. ఎర్నాకుళం నుంచి తిరిగి వచ్చిన వారం మాత్రం ఆయన్ను ట్రే ముట్టుకోనివ్వలేదని నాన్నగారు చెప్పేవారు.